తలలో తయారయ్యే నిమ్మళం

స్టెరాయిడ్ అన్న మాట వినగానే మనకు ముందు పుట్టేది భయం. ఆయాసం ఎక్కువైతే ఇచ్చే సూదిమందు, తెల్లబడతామని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని పూసుకుంటే చివరికి మొహాన్నే పాడుచేసే ట్యూబు, పరుగు పందేల్లో దొంగచాటుగా వేసుకుని పట్టుబడే ఆటగాళ్ళు... మనకు తెలిసిన స్టెరాయిడ్ ఇంతే. అలాంటి సరుకును మన మెదడు తనంతట తానే తయారు చేసుకుంటుందంటే నమ్ముతారా? మా తమ్ముడి కూతురు బి.ఫార్మసీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు దాని పుస్తకంలో ఈ సంగతి కంటపడింది. ఇంటర్ బైపీసీతో ఆగిన చదువు నాది. అర్థమయ్యే దాకా ఆ పిల్లను వదలలేదు. "పరీక్ష నాకా నీకా అత్తా?" అని ఒకటే నవ్వు.

మొదట ఒక మాట. స్టెరాయిడ్ అనేది ఒక మందు పేరు కాదు, ఇంటిపేరు లాంటిది. మన ఒంట్లో కొలెస్టరాల్ నుంచి పుట్టే హార్మోన్లందరికీ అదే ఇంటిపేరు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, మగవాళ్ళలో ఎక్కువగా ఉండే టెస్టోస్టిరాన్, కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిజోల్, అందరూ ఆ ఇంటివాళ్ళే. వీటిని తయారు చేసేది ఆ గ్రంథులూ అండాశయాలూ వృషణాలూ, గర్భంతో ఉన్నప్పుడు మాయ. మెదడు వాడుకునేదే తప్ప వండుకునేది కాదని చాలా ఏళ్ళు అనుకున్నారు.

ఆ మాట మార్చినవాడు ఫ్రాన్సు దేశపు డాక్టరు ఎతియెన్ ఎమీల్ బోలియు. 1926లో పుట్టాడు. హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించుకున్నప్పుడు పదిహేనేళ్ళ వయసులోనే రహస్య పోరాటంలో చేరి, పట్టుబడకుండా పేరు మార్చుకున్నాడట. ఆ మారు పేరే చివరి దాకా నిలిచింది. 1981లో ఆయన, ఆయనతో పనిచేసేవాళ్ళు ఎలుకల మెదడులో డి.హెచ్.ఇ.ఏ. అనే స్టెరాయిడ్ ఎంతుందో కొలిచారు. చూస్తే రక్తంలో కంటే మెదడులోనే ఎక్కువుంది! సరే, ఎక్కడినుంచో వచ్చి చేరిందేమోనని అడ్రినల్ గ్రంథులు తీసేశారు, బీజకోశాలు తీసేశారు. అయినా మెదడులో అది తగ్గలేదు. బయటినుంచి సరఫరా ఆగిపోయినా సరుకు తరగలేదంటే ఏమిటి అర్థం? లోపలే పొయ్యి ఉందన్నమాట. మెదడులో తయారయ్యే వీటికి ఆయన న్యూరోస్టెరాయిడ్లు అని పేరు పెట్టాడు. 2025 మే నెలలో 98 ఏళ్ళ వయసులో పోయాడు.

ఇక ఆ పొయ్యి సంగతి. మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. ఒంట్లో ఉన్న కొలెస్టరాల్‌లో మాత్రం దాదాపు ఐదో వంతు దాని దగ్గరే ఉంటుంది. అయితే నెయ్యి ఎక్కువ తింటే మెదడుకు మంచిదా అని అడగబోతున్నారు కదూ? ఆ పప్పులు ఉడకవు. రక్తంలోని కొలెస్టరాల్ మెదడులోకి పోకుండా గట్టి కాపలా ఉంది. తనకు కావలసిన కొలెస్టరాల్‌ను మెదడు తానే చేసుకుంటుంది. దాన్ని కణంలోపల ఉండే మైటోకాండ్రియా అనే చిన్న పొయ్యిలోకి పంపి, తోక కోసి ప్రెగ్నెనొలోన్ అనే పదార్థం చేస్తుంది. తక్కిన స్టెరాయిడ్లన్నిటికీ అదే మూలపిండి. దానినుంచి ప్రొజెస్టిరాన్, ప్రొజెస్టిరాన్‌నుంచి ఇంకో రెండు మెట్లెక్కితే అల్లోప్రెగ్ననొలోన్. ఈ పేరు పలకడానికి నాకే మూడు రోజులు పట్టింది. మీకెందుకు ఆ కష్టం, ఇక్కడినుంచి దాన్ని 'అల్లో' అంటాను.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. మనం దోసెలు రెండు రకాలుగా పోసుకుంటాం. బియ్యం, మినప్పప్పు నానబోసి రుబ్బుకుని పోసుకోవడం ఒకటి. బజారునుంచి రుబ్బిన పిండి తెచ్చుకుని పెనం మాత్రం మనం పెట్టుకోవడం ఇంకోటి. మెదడు కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. కొలెస్టరాల్‌నుంచి మొదలుపెట్టి అంతా తానే చేసుకుంటుంది. అండాశయాల్లోనో మాయలోనో తయారైన ప్రొజెస్టిరాన్ రక్తంలో కొట్టుకొస్తే దాన్ని తీసుకుని, చివరి రెండు మెట్లు తానెక్కించి అల్లోగా కూడా మార్చుకుంటుంది.

మధ్యలో పసుపు మాట కూడా చెప్పేస్తాను, లేకపోతే మా ఆర్మూరు వాళ్ళు నన్ను బతకనియ్యరు. నిజామాబాద్‌లో 2025లో జాతీయ పసుపు బోర్డు వచ్చిన దగ్గరినుంచి మావాళ్ళు జ్ఞాపకశక్తికీ పసుపే, దిగులుకూ పసుపే అంటున్నారు. మా పసుపంటే నాకూ గర్వమే. కానీ పసుపులోని కుర్కుమిన్ పేగులోనుంచి రక్తంలోకి చేరేదే చాలా తక్కువ. కూరలో వేసుకుందాం, పాలల్లో కలుపుకుందాం, గడపకు రాసుకుందాం. ఈ వ్యాసంలో మాత్రం దానికి పని లేదు.

అల్లో చేసే పని ఏమిటి? మెదడు కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఉంటాయి. ఆ రెచ్చిపోవడాన్ని అణిచే పదార్థం ఒకటుంది, దాని పేరు గాబా. గాబరా తగ్గించేది గాబా అని గుర్తు పెట్టుకుంటే మరిచిపోరు. కణం గోడకు చెరువు తూము లాంటి ద్వారాలుంటాయి. గాబా వచ్చి తాకితే ఆ తూము తెరుచుకుంటుంది, ఉప్పులో ఉండే క్లోరైడ్ లోపలికి పారుతుంది, కణం చల్లబడుతుంది. అల్లో వచ్చి ఆ తూము తలుపును ఇంకాసేపు మూసుకోకుండా పట్టుకుంటుంది. అంతే దాని పని. కానీ ఆ కాసేపటి తేడాలోనే నిద్ర ఉంది, నిమ్మళం ఉంది, చిన్నదానికి గుండె దడదడలాడకుండా ఉండటం ఉంది. ప్రొజెస్టిరాన్ సూది వేస్తే ఎలుకలు మత్తుగా పడిపోతాయని హన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1941లోనే రాశాడు. ఎందుకో తేలడానికి 1986 దాకా పట్టింది. ప్రొజెస్టిరాన్ ఒంట్లో మారి అల్లో అవుతుందనీ, అది ఈ గాబా తూముల మీదే పనిచేస్తుందనీ అప్పుడు బయటపడింది.

ఈ తూముల గురించి మా జిల్లావాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఎందుకంటారా? కల్తీ కల్లు! చెట్టు కల్లు కాదు సుమా, అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపే కల్లు. ఇవన్నీ పోయి పనిచేసేది ఆ గాబా తూముల మీదే. రోజూ తాగేవాడికి ఒక రోజు కల్లు దొరక్కపోతే ఏమవుతుందో మనం చూడనిదా? చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేని మనుషులు కనిపిస్తారు, కొందరికి ఫిట్స్ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు, మందు దుకాణాలు ఒక్కసారిగా మూతపడితే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి ఇలాంటివాళ్ళను ఎంతమందిని మోసుకొచ్చారో పేపర్లలో చదివాం. మత్తు తూము తలుపు పట్టుకుని కూర్చునేసరికి మెదడు దానికి అలవాటు పడింది, తూములనే మార్చుకుంది. ఒక్కసారిగా మత్తు పోయేసరికి తలుపులు ధడాలున మూసుకున్నాయి.

ఇప్పుడు నన్ను అడగండి, కల్లు ముట్టని ఆడదానికీ ఇలా జరుగుతుందా అని. జరుగుతుంది. మెదడు స్వయంగా చేసుకునే అల్లో ఒక్కసారిగా పడిపోయినా ఇంచుమించు అదే కథ.

దీన్ని పట్టి చూపినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నాడు. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, చండీగఢ్‌లో పరిశోధన చేసి, అమెరికా వెళ్ళి టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన దూదిపాల సాంబరెడ్డి. మూర్ఛ రోగం ఉన్న ఆడవాళ్ళలో కొందరికి సరిగ్గా నెలసరి ముందు రోజుల్లో ఫిట్స్ ఎక్కువవుతాయి. "ముట్టయ్యే ముందే దానికి వస్తది" అని తల్లులు చెబుతూనే ఉంటారు, వినేవాళ్ళేరీ? నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ జారిపోతుంది, దానితో అల్లో జారిపోతుంది. సాంబరెడ్డి, ఆయనతో పనిచేసిన రోగావ్‌స్కీ 2001లో ఎలుకల్లో ఇదే పరిస్థితి కల్పించారు. అల్లోను బాగా పెరగనిచ్చి ఒక్కసారిగా ఆపేశారు. ఎలుకలకు ఫిట్స్ తేలిగ్గా రావడం మొదలైంది. మన ఇళ్ళలో తల్లులు చెప్పిన మాటకు ప్రయోగశాలలో సాక్ష్యం దొరికిందన్నమాట. మీ ఇంట్లో ఇలాంటి అమ్మాయి ఉంటే ఫిట్స్ వచ్చిన తేదీలూ నెలసరి తేదీలూ ఒకే క్యాలెండర్ మీద రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. వేసుకునే మాత్రలు మాత్రం ఎవరి మాట విని కూడా సొంతంగా ఆపొద్దు.

ఆ ఎలుకల్లో అల్లోను ఆపడానికి వాళ్ళు వాడిన మందు ఏమిటో తెలుసా? ఫినాస్టెరైడ్. మగపిల్లలు జుట్టు రాలిపోతోందని వేసుకునే మాత్ర! అది ప్రొజెస్టిరాన్‌ను అల్లో వైపు నడిపించే మొదటి మెట్టును కూడా అడ్డుకుంటుంది. చచ్చిపోవాలనే ఆలోచనలు రావడం ఈ మాత్ర దుష్ఫలితాల్లో ఒకటని యూరప్ మందుల సంస్థ 2025లో ఖాయం చేసింది. అందరికీ వస్తాయని కాదు. కానీ పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని అబ్బాయి గుట్టుగా జుట్టు మాత్రలు తెప్పించుకుని వేసుకుంటూ, ఉన్నట్టుండి ముభావంగా తయారైతే ఆ మాత్ర సంగతి తల్లి అడిగి తెలుసుకోవడం మంచిది.

నేను అసలు చెప్పదలచుకున్నది బాలింతల గురించి.

కడుపుతో ఉన్నప్పుడు మాయ ప్రొజెస్టిరాన్‌ను డ్రమ్ములకొద్దీ పంపుతుంది. బజారు పిండి అన్నాను చూడండి, అది. మెదడు దాన్ని అల్లోగా మార్చుకుంటూ పోతుంది. చివరి నెలల్లో అల్లో మామూలు కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. తూములు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. కాన్పు అయ్యి మాయ పడిపోగానే ఆ దుకాణం మూత! రెండు మూడు రోజుల్లో ప్రొజెస్టిరాన్ నేలకు దిగుతుంది, అల్లో కూడా. తొమ్మిది నెలలు అలవాటైన నిమ్మళం మూడు రోజుల్లో పోతే మెదడు మళ్ళీ సర్దుకోవడానికి టైము పడుతుంది. అందుకే మూడో రోజునో నాలుగో రోజునో చాలామంది బాలింతలు ఊరికే ఏడుస్తారు. వారం, మహా అయితే రెండు వారాల్లో సర్దుకుంటారు. కొందరు సర్దుకోలేరు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో లెక్క కట్టినవాళ్ళు నూటికి 22 మంది బాలింతలకు ఈ దిగులు జబ్బు ఉందన్నారు. అంటే ఐదుగురిలో ఒకరు. ఇరవయ్యొకటో దినం తొట్టెల పండగకు మనం వెళ్ళిన ఇళ్ళు లెక్కపెట్టుకోండి.

మా వాడకట్టులో ఒక పిల్ల. తొలుచూరు కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. పసుపు తవ్వకాల రోజులు. ఇంట్లో అందరూ చేను దగ్గరే, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. ఈ పిల్ల నాలుగు గోడల మధ్య పసిబిడ్డతో. బిడ్డ నిద్రపోయినా తను నిద్రపోదు. పాలిస్తుంది గానీ బిడ్డ మొహం చూడదు. తలలో నూనె పెడతానంటే వద్దంటుంది. శొంఠి, ఎల్లిగడ్డ కారం ముద్దలు కలిపి పెడితే పక్కన పెట్టేస్తుంది. "గాలి సోకిందే, తాయెత్తు కట్టియ్యి" అన్నది ఒకామె. "మేమందరం కనలేదా? చేన్ల కన్నోళ్ళం గూడ ఉన్నం, గింత నకరాలు చెయ్యలే" అన్నది ఇంకొకామె. చూపించిన చోట డాక్టరమ్మ కూడా బాలింతలకు ఇది మామూలేనని బలం మాత్రలు రాసి పంపింది. మూడో నెలలో ఒక పొద్దున ఆ పిల్ల తల్లితో, "అమ్మా, నేను లేకుంటే బిడ్డను నువ్వు మంచిగ సాకుతవు గదా" అన్నది. ఆ మాటకు తల్లి పైప్రాణాలు పైనే పోయాయి. అదే రోజు నిజామాబాద్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మాత్రలే ఇచ్చాడు. నెలన్నరకు మనిషి తేరుకుంది. ఇప్పుడా బిడ్డ బడికి పోతోంది.

"మేమందరం కనలేదా" అన్న మాటకు నా దగ్గర ఇప్పుడు జవాబుంది. అమెరికాలో 2000 సంవత్సరంలో ఒక ప్రయోగం చేశారు. ఇదివరకు కాన్పు తర్వాత దిగులు జబ్బు వచ్చి తగ్గినవాళ్ళు 8 మంది, ఎప్పుడూ రానివాళ్ళు 8 మంది. అందరికీ గర్భంలో ఉన్నట్టే హార్మోన్లు పెంచి, తర్వాత ఒక్కసారిగా ఆపేశారు. మొదటి 8 మందిలో 5 మందికి దిగులు తిరిగొచ్చింది. రెండో గుంపులో ఒక్కరికి కూడా రాలేదు. హార్మోన్లు పెరిగింది ఒకేలాగ, పడిపోయింది ఒకేలాగ. తేడా అంతా ఆ పడిపోవడాన్ని తట్టుకునే మెదడులో ఉంది. కాబట్టి నీకు రాలేదని ఇంకొకరికి రాకూడదని లేదు వదినా. నువ్వు గట్టిదానివి కావడం వల్లా కాదు, ఆ పిల్ల నకరాలు పోవడం వల్లా కాదు.

ఇంకో ప్రయోగం 2008లో, చిట్టెలుకల మీద. ఆ గాబా తూముల్లో అల్లోకు బాగా స్పందించే ఒక ముక్క పుట్టుకతో లేకుండా పెంచిన ఎలుకలు మామూలుగానే ఈనాయి. కానీ పిల్లలను దగ్గరికి తీయలేదు, గూడు సరిగ్గా కట్టలేదు, కొన్ని పిల్లలను తినేశాయి కూడా. తల్లి ప్రేమ అంటే పేగులో పుట్టేదని మనం అనుకుంటాం. దానికి ఇంత చిన్న తూము ముక్క కావలసి ఉందని చదివినప్పుడు నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదని కుమిలిపోయే తల్లి ఎంతమంది దగ్గర తిట్లు తిని ఉంటుంది!

అల్లో పడిపోవడమే కారణమైతే దాన్నే తిరిగి ఇస్తే పోలేదా అని మీకు అనిపించే ఉంటుంది. శాస్త్రవేత్తలకూ అదే అనిపించింది. బ్రెక్సనొలోన్ అనే పేరుతో అచ్చం ఆ అల్లోనే మందుగా చేశారు. 2019 మార్చిలో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. బాలింతల దిగులు కోసమే ప్రత్యేకంగా వచ్చిన మొదటి మందు అదే. అయితే 60 గంటలు సెలైన్‌లా ఎక్కించాలి, ఆస్పత్రిలో కాపలా ఉండాలి, ఖరీదేమో 34 వేల డాలర్లు. వాడినవాళ్ళలో కొందరికి రెండు మూడు రోజుల్లోనే గుణం కనిపించింది గానీ అంత ఖర్చు ఎవరు భరిస్తారు? 2024 చివరికి దాన్ని అమ్మడం మానేశారు. దాని చెల్లెలు జురనొలోన్ 2023 ఆగస్టులో వచ్చింది. ఇది నోటి మాత్ర. రోజూ సాయంత్రం, 14 రోజులు. ఇందులో మన వంటింటి మాట ఒకటుంది. ఆ మాత్ర కొవ్వు ఉన్న భోజనంతోనే వేసుకోవాలి, లేకపోతే సరిగ్గా ఒంటికి పట్టదు. వేసుకున్నాక 12 గంటలు బండి నడపకూడదు, అంత మత్తు. బాలింతకు అంత మత్తు వస్తే పసిబిడ్డను చూసుకోవడానికి పక్కన ఇంకొకరు ఉండి తీరాలి.

ఈ కొత్త మందుల కోసం మనం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. మామూలు దిగులు మాత్రలతో, మాట్లాడి ధైర్యం చెప్పే వైద్యంతో ఈ జబ్బు నయమవుతుంది. మా వాడకట్టు పిల్లకు అయింది చూశారుగా. ముందు గుర్తుపట్టేవాళ్ళు కావాలి, ఇంట్లో ఆ పని అమ్మకో అత్తమ్మకో తప్ప ఇంకెవరికి చేతనవుతుంది? రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర రాకపోవడం, తిండి సయించకపోవడం, "నేను మంచి తల్లిని కాదు" అని పదేపదే అనడం, బిడ్డకు ఏదో అయిపోతుందని క్షణక్షణం భయం, లేదా బిడ్డంటే పట్టనట్టుండటం. వీటిలో రెండు మూడు కనిపిస్తే ఆలోచించకుండా చూపించండి. నిజామాబాద్ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. అంత దూరం పోవడానికి మగవాళ్ళు ఒప్పుకోరంటారా, ముందు 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ అది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, మీరెవరో ఎవరికీ చెప్పరు.

ఒకటి మాత్రం వేరు. కాన్పయిన మొదటి రోజుల్లోనే పొంతన లేని మాటలు, చెవిలో ఎవరో చెబుతున్నారనడం, రాత్రుళ్ళు అసలు నిద్ర లేకుండా తిరగడం, బిడ్డ తనది కాదనడం. ఇది దిగులు కాదు, ఇంకా పెద్ద జబ్బు. ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోవాలి, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా ఒక గదిలో ఉంచకూడదు. తాయెత్తు కట్టించాలనుకుంటే కట్టించుకోండి, ఆటోలో ఆస్పత్రికి పోతూ దారిలో కట్టండి.

ఎల్లిగడ్డ కారంలో నెయ్యి ఎంత వెయ్యాలని, బాలింతకు వంకాయ పెట్టొచ్చా అని ఉత్తరాలు రాసిన చెల్లెళ్ళకు వచ్చే వారం జవాబిస్తాను.